అమెరికాలో తుపాకి వివాదము

తిరుపతి, చిత్తూరు ప్రాంతములనుండి చదువులకును ఉద్యోగములకును అమెరికా వెళ్ళినవారు నేడు పెక్కుమంది కలరు. ఆ దేశమున ఎక్కడనో కాల్పులు జరిగెనని తెలిసినంతనే ఇక్కడి తలిదండ్రులు మొదట ఊరిపేరు విందురు. పిదప ఫోను చేతబట్టుదురు. 2017 ఫిబ్రవరి 22న కాన్సాస్ రాష్ట్రమందలి ఓలేత పట్టణములో ఒక తెలుగు ఇంజనీరు కాల్పులకు బలియయ్యెను. అతని తెలుగు మిత్రుడును, దుండగుని పట్టబోయిన అమెరికను ఒకడును గాయపడిరి. 2023 మే 6న టెక్సాస్‌లోని ఆలెన్ పట్టణమున అంగళ్ళ సముదాయమువద్ద ఎనిమిదిమంది హతులు కాగా, వారిలో ఒక తెలుగు యువతి ఉండెను. ఇన్ని జరిగినను ఆ దేశమువారు తుపాకులను ఏల అదుపుచేయరని పలువురు మమ్ము అడుగుచున్నారు. దీనికి సమాధానము వారి చరిత్రలో సగమున్నది. మన చరిత్రను ప్రక్కన ఉంచి చూచినచో తక్కిన సగము బోధపడును.

అమెరికా స్వాతంత్ర్య సమరమున మొదటి తుపాకి 1775 ఏప్రిల్ 19న మ్రోగెను. వలసవాసులు దాచుకొనిన మందుగుండును పట్టుకొనుటకై బ్రిటిషు సేన కాంకర్డు గ్రామమునకు నడచి వచ్చుటయే ఆనాటి పోరాటమునకు కారణము. ఊరి రైతులు తమ తుపాకులతో ఎదుర్కొనిరి, తుదకు గెలిచిరి. ఆ జ్ఞాపకము 1791లో వారి రాజ్యాంగమున రెండవ సవరణగా చేరినది. స్వేచ్ఛగల రాజ్యపు రక్షణకు క్రమబద్ధమైన ప్రజాసేన అవసరమనియు, ఆయుధములు కలిగియుండు ప్రజల హక్కుకు భంగము కలుగరాదనియు దాని తాత్పర్యము. ఒకే వాక్యము. దాని పూర్వార్ధమును పట్టుకొని, హక్కు ప్రజాసేనకే గాని వ్యక్తికి కాదని ఒక పక్షము వాదించును. ఉత్తరార్ధమును పట్టుకొని, హక్కు ప్రతి వ్యక్తిదియు అని రెండవ పక్షము వాదించును. 2008లో వారి సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల మొగ్గుతో, నలుగురు కాదనుచుండగా, రెండవ పక్షమునే సమర్థించినది.

ఇక మన సంగతి. 1801లో కర్ణాటక నవాబు రాజ్యము కంపెనీ వశమైన పిదప కల్లూరు, పులిచెర్ల, బంగారి మొదలగు చిత్తూరు పాలెములవారు కంపెనీకి లొంగుటకు ఇచ్చగింపక 1804 ప్రాంతమున తిరుగబడిరి. కంపెనీ సేన వారిని అణచెను. అప్పటికే కడప సీమలో మన్రో దొర పాలెగాండ్ర బలమును అణగద్రొక్కుచుండెను. ఆయుధములను లాగికొనవచ్చిన ప్రభుత్వము కాంకర్డునందును కల్లూరునందును ఒక్కటే. అక్కడ ఊరివారు గెలిచిరి, ఇక్కడ పాలెగాండ్రు ఓడిరి. అయితే ఒక మాట దాచరాదు. పాలెగాని తుపాకి రైతు తుపాకి కాదు. పెక్కుచోట్ల అది రైతుమీదికే గురిపెట్టబడినది. అందువలన పాలెములు పోయినందుకు రైతులందరును కంటతడి పెట్టిరనుకొనుటకు వీలులేదు.

1878లో లిట్టన్ ప్రభుత్వము ఆయుధముల చట్టము చేసి, లైసెన్సు లేనిదే భారతీయుడు తుపాకి ఉంచుకొనరాదని నిర్ణయించెను. తెల్లవారికి మాత్రము మినహాయింపు! ఈ అవమానమును మరువని కాంగ్రెసు 1931 కరాచీ సభలో, నిబంధనలకు లోబడి ఆయుధములు ధరించుటను ప్రాథమిక హక్కులలో చేర్చెను. 1948 డిసెంబరులో రాజ్యాంగసభయందు కామత్ దానినే సవరణగా ప్రతిపాదించెను, సభ అంగీకరింపలేదు. నేటి 19వ అధికరణము శాంతియుతముగా, ఆయుధములు లేక సమావేశమగు హక్కును మాత్రమే ఇచ్చుచున్నది. కావున మనకును ఈ చర్చ కొత్తది కాదు. మనవారు ఆలోచించి వేరు త్రోవ పట్టిరి.

ఆ త్రోవ 1959 ఆయుధముల చట్టము. అడవిపందులు వేరుసెనగ చేను త్రవ్విపోవుచున్నవని పలమనేరువైపు రైతు మందు కూరెడు తుపాకి కోరినచో, దరఖాస్తు పెట్టవలెను, పోలీసుల నివేదిక రావలెను, అవసరమును చూపవలెను. ఆస్తి లేదను కారణమున మాత్రమే లైసెన్సు నిరాకరింపరాదని చట్టమున ఒక మంచి మాట కలదు. 2019 సవరణతో ఒకరికి రెండు తుపాకులకు మించరాదని నియమమైనది. ఎన్నికలు వచ్చినపుడు ఆ తుపాకులను పోలీసు ఠాణాలో అప్పగించుట మనవారికి పరిచితమే.

ఇక్కడ అవసరమును చూపవలసినవాడు పౌరుడు. అక్కడ అడ్డు చెప్పుటకు కారణము చూపవలసినది ప్రభుత్వము. తగిన కారణము చూపినవారికే వీధిలో తుపాకి ధరించు అనుమతి ఇత్తుమన్న న్యూయార్కు చట్టమును అమెరికా సుప్రీంకోర్టు 2022 జూన్ 23న కొట్టివేసినది. టెక్సాస్‌లోని ఉవాల్డె పాఠశాలలో పందొమ్మిదిమంది పిల్లలును ఇద్దరు ఉపాధ్యాయినులును కాల్పులలో మరణించి అప్పటికి సరిగా నెలరోజులే. మరి రెండు దినములకు, జూన్ 25న, ఇరుపక్షముల ఒడంబడికతో ఒక నియంత్రణ చట్టముమీద అధ్యక్షుడు సంతకము చేసెను. ఒక చేయి సడలించుచుండగా రెండవ చేయి బిగించుట ఆ దేశపు తీరు. 2024లో అదే కోర్టు, గృహహింస కారణమున కోర్టు ఉత్తరువు పొందినవారినుండి తుపాకి తీసికొనవచ్చునని తీర్పు చెప్పినది.

పత్రికలు సామూహిక హత్యలనే పెద్ద అక్షరములతో ప్రకటించును. 2021లో ఆ దేశమున తుపాకులవలన మరణించినవారు 48,830 మంది. వారిలో సగముకంటె ఎక్కువమంది ఆత్మహత్య చేసికొనినవారే. ఇంటి సొరుగులోని తుపాకి ఇంటివారికే ఎక్కువ అపాయమను ఈ సంగతి, హక్కుల వాదములో చాలవరకు వినబడకపోవుట మాకు వింతగా తోచుచున్నది.

మన చట్టము గట్టిదని మురియుటకును తావులేదు. 2015 నవంబరు 17న చిత్తూరు మేయరు కఠారి అనురాధను ఆమె కార్యాలయమందే తుపాకితో కాల్చి చంపిరి. కత్తులతో దాడికి గురియైన భర్త మోహనును మరణించెను. అడవి అంచు పల్లెలలో లైసెన్సులేని నాటుతుపాకులు నేటికిని పట్టుబడుచునే యున్నవి.

టెక్సాస్‌లో 2021 సెప్టెంబరు 1 నుండి, ఇరువదియొక్క ఏండ్లు నిండి, చట్టరీత్యా నిషేధము లేనివారు, లైసెన్సు లేకయే పిస్తోలు ధరించి వీధిలో తిరుగవచ్చును. డాలస్ పరిసరములందు ఇల్లు కొనిన మన బిడ్డ, ప్రక్కింటివాని నడుమున పిస్తోలు చూచి భయపడి పోలీసులకు ఫోను చేసినచో, అది ఇక్కడ నేరము కాదని వారు చెప్పుదురు.