పాత ఆటకు క్రొత్త రూపము

సెలవుదినములలో పిల్లలు సెల్‌ఫోను ముందరనో కంప్యూటరు ముందరనో కూర్చుండి, ఏవో వింతజంతువులను పట్టుటయు, వానిచే పోరాడించుటయు పెద్దలు చూచియే యుందురు. అట్టి క్రీడలకు మూలమేది, అభిమానులు దానిని మరల నిర్మించుట యననేమి, అందలి మంచిచెడ్డ లెట్టివి అను సంగతులను నేడు మనవి చేసెదను.

ఈ క్రీడలలో ప్రసిద్ధమైన దానికి పుట్టినిల్లు జపాను దేశము. సతోషి తజిరి అను నాతడు టోక్యో చేరువనున్న మచీదాలో పెరిగెను. బాల్యమున పొలములను, చెరువుగట్లను తిరిగి పురుగులను పట్టుట యన్న ఆయనకు మిక్కిలి ప్రీతి. నగరము పెరిగి ఆ తావు లన్నియు ఇండ్లక్రింద పోయెను. ఆ వేడుక తరువాతి పిల్లలకును దక్కవలెనని తలంచి, తన గేమ్ ఫ్రీక్ సంస్థలోని సహచరులతో ఇంచుమించు ఆరేండ్లు శ్రమించి "పోకెమాన్" ఆటను కల్పించెను. నింటెండో వారి గేమ్‌బాయ్ అను చేతియంత్రముపై ఆడుటకై అది 1996 ఫిబ్రవరి 27వ తేదీని జపానులో వెలువడెను. అందలి జంతువులు 151. 1999లో వచ్చిన "గోల్డ్", "సిల్వర్" అను భాగములలో మరి నూరు చేరి 251 అయినవి.

ఆడువిధము సులభమే. ఆటగాడు మొదట మూడు జంతువులలో నొకదానిని ఎన్నుకొనును. ఒకటి గడ్డిజాతి, ఒకటి అగ్నిజాతి, ఒకటి నీటిజాతి. అగ్ని గడ్డిని కాల్చును; నీరు అగ్ని నార్పును; గడ్డి నీటిని పీల్చును. కావున ఎల్లవారిని గెలువగల జంతువు లేదు. పొదలలో ఎదురైన జంతువును కొంత బలహీనపరచి, బంతి విసరి పట్టవలెను. మరీ గట్టిగా కొట్టినచో అది సొమ్మసిల్లి చేజారును. ఇంకొక కిటుకు గలదు. కొన్ని జంతువులు "గోల్డ్"లోనే, కొన్ని "సిల్వర్"లోనే దొరకును. అన్నియు కావలెనన్నచో రెండవది గలవానితో స్నేహము చేసి, ఇచ్చిపుచ్చుకొనక తప్పదు.

ఇట్టి యాటను మరల నిర్మించుట యెందులకు? ఆ పాత కార్ట్రిడ్జిలో చిన్న బ్యాటరీ యొకటి యుండును. ఆటలోని గడియారమును నడపునదియు, ఆటగాడు సాధించినదానిని నిలుపునదియు అదియే. ఏండ్లు గడచి అది చల్లారినచో ఆ సంపాదన యంతయు పోవును. నింటెండో వారే ఈ భాగములకు 2009లో నూతనరూపము లిచ్చిరి. 2017లో పాత రూపమునే తమ త్రీడీఎస్ యంత్రపు అంగడిలో అమ్మిరి. ఆ అంగడి 2023 మార్చి 27న మూతపడెను.

అభిమానులు తమంతట చేసికొన్న నిర్మాణములలో "పోకెమాన్ త్రీడీ" యొకటి. "గోల్డ్", "సిల్వర్"ల కథయే, ఊళ్లే, బాటలే ఇందును గలవు. కాని పైనుండి పటమువలె చూచిన ఊరిని ఇచట కంటియెదుట చూచుచు నడువవచ్చును. కొండమీదినుండి చూచిన పల్లెలోనికి దిగి వీథులు తిరిగినట్లుండును. పాత యాట నెఱిగినవానికి త్రోవ తెలిసియే యుండును. చూపు మాత్రము క్రొత్తది. దీనికి వెల లేదు.

వెల లేకున్నను హక్కు లేకపోదు. బొమ్మలు, పేర్లు, సంగీతము మూలకర్తలవి. అనుమతి లేక వానిని వాడుట చట్టసమ్మతము కాదు. 2016లో "పోకెమాన్ యురేనియం" అను అభిమానుల యాట, తొమ్మిదేండ్ల శ్రమకు పిమ్మట వెలువడెను. కొలది దినములలోనే 15 లక్షలకు పైగా ప్రతులు దింపుకొనబడెను. అమెరికాలోని నింటెండో శాఖ తరఫు న్యాయవాదుల తాఖీదులు అందగా, కర్తలు దానిని పంచుట మానిరి. కూలి కోరక చేసినవారి కష్టమును తలచిన మనసు కరగును. అయినను, ఒకడు నాటిన తోటలో మఱియొకడు అడుగక పందిరి వేసినచో, పందిరి యెంత చక్కనిదైనను తోటవాని మాట త్రోసివేయరాదు.

దీనికి మార్గాంతరము గలదు. జంతువులను పట్టి పెంచు తలంపు ఒకరి సొత్తు కాదు. 2022లో వెలువడిన "కోరోమన్" పాత పోకెమాన్ పోకడనే అనుసరించియు, తన జంతువులను, తన కథను తానే కల్పించుకొని బహిరంగముగా అమ్ముడుపోయినది.

కావున ఇంటి పిల్లవాడు ఇట్టి యాట నాడుచున్నచో వెంటనే కసరవలదు. ఇది యెవరు చేసినది, ఎచటినుండి తెచ్చితివి అని అడుగుడు. తెలియని తావులనుండి దింపుకొన్నవానితో కంప్యూటరును చెఱచు దుష్టప్రోగ్రాములును రావచ్చును. ఆటకింత వేళ యని నియమింపుడు. ఒకనాడు వానిని వెంట తీసికొని చెరువుగట్టునకు పొండు. తజిరి చిన్ననాట పట్టిన పురుగులవంటివి మన గట్లమీద నేటికిని గలవు.