కళతో పాటు కళాకారుని పేరూ నిలవాలి
గిరిజన కళలకు ప్రభుత్వ ఆర్ట్ గ్యాలరీల తోడ్పాటు – ప్రత్యేక వ్యాసం

అల్లూరు (శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా):

నెల్లూరు సముద్ర తీరాన ఉన్న అల్లూరు ప్రాంతంలో వరి పొలాలు, చెరువులు, కాలువలు, ఇసకపల్లి వైపు ఉప్పు మడులు కనిపిస్తాయి. ఈ తీరమంతటా తరతరాలుగా జీవిస్తున్న గిరిజనులు యానాదులు. నీటి పారుదలను చూసి చేప ఎక్కడ ఉంటుందో చెప్పగలగడం, ఎండ్రకాయ బొరియను గుర్తించడం, పొలంలో ఎలుకల జాడ తీయడం, మూలికల గుణం తెలిసి ఉండడం వీరికి వారసత్వంగా సంక్రమించిన విద్యలు. చేపలు పట్టేందుకు వీరు వాడే బుట్టను ఎవరూ కళాఖండమని పిలవరు. పాతబడితే పారవేస్తారు. అదే బుట్ట ఒక ప్రదర్శనశాలలో అద్దాల వెనుకకు చేరిన నాడు కళాఖండమవుతుంది. ఆ గౌరవం బుట్టకు మాత్రమే దక్కాలా, దానిని అల్లిన మనిషికి కూడా దక్కాలా అన్నదే నేడు ప్రభుత్వ ఆర్ట్ గ్యాలరీల ముందున్న ప్రధాన ప్రశ్న.

యానాదులు

2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో యానాదుల సంఖ్య 5 లక్షలకు పైబడి ఉంది. వీరి మాతృభాష తెలుగు. నెల్లూరు జిల్లాలో షెడ్యూల్డు ప్రాంతం లేదు. యానాదులు మైదానంలో, ఇతర కులాల గ్రామాల అంచున చెల్లాచెదరుగా నివసిస్తున్నారు. అందువల్లనే వీరి కోసం నెల్లూరు కేంద్రంగా ప్రత్యేకంగా సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ ఏర్పాటయింది. స్వాతంత్ర్య సమరయోధుడు వెన్నెలకంటి రాఘవయ్య తన జీవితంలో అధిక భాగాన్ని యానాదుల అభ్యున్నతికి వెచ్చించారు. వారి జీవన విధానంపై ఆయన రచించిన గ్రంథం 1962లో వెలువడింది. 1973లో కేంద్ర ప్రభుత్వం ఆయనను పద్మభూషణ్ పురస్కారంతో సత్కరించింది.

కొలతలు తీసిన మ్యూజియం

యానాదులకు మ్యూజియంతో పరిచయం కొత్తది కాదు. నెల్లూరు జిల్లా మద్రాసు రాజధానిలో భాగంగా ఉన్న కాలంలో, 1885లో మద్రాసు ప్రభుత్వ మ్యూజియం బాధ్యతలు స్వీకరించిన ఎడ్గార్ థర్స్టన్ దక్షిణ భారత కులాలు, తెగలపై విస్తృత పరిశోధన సాగించారు. కె. రంగాచారి సహకారంతో 1909లో ఏడు సంపుటాలుగా వెలువడిన ఆయన గ్రంథంలోని చివరి సంపుటంలో యానాదుల ప్రస్తావన ఉన్నది. ఆ పరిశోధనలో మనుషుల తలల, ముక్కుల కొలతలు తీయడం ముఖ్య భాగం. ఆచారాలు, వృత్తులు, నమ్మకాలు ఎన్నో అందులో నమోదయ్యాయి. ఈ సమాచారం చరిత్రకారులకు నేటికీ ఉపయోగపడుతున్నది. అయితే ఆ పద్ధతిలో గిరిజనుడు పరిశీలనకు వస్తువుగా నిలిచాడే తప్ప తన విద్యకు తానే కర్తగా నిలవలేదు. ప్రపంచమంతటా ఆనాటి మ్యూజియాలలో వస్తువును సేకరించిన వ్యక్తి పేరు చీటీపై ఉండేది. తయారుచేసిన వారి స్థానంలో తెగ పేరు మాత్రమే కనిపించేది.

భోపాల్ చూపిన మార్గం

ఈ పద్ధతిని మార్చిన భారతీయ సంస్థలలో భోపాల్‌లోని భారత్ భవన్ ముఖ్యమైనది. 1982లో ప్రారంభమైన ఈ కళాకేంద్రంలోని మ్యూజియాన్ని చిత్రకారుడు జె. స్వామినాథన్ తీర్చిదిద్దారు. గిరిజన, జానపద చిత్రకారుల రచనలను నగర చిత్రకారుల రచనలతో సమాన స్థాయిలో ఒకే సంస్థలో ప్రదర్శించారు. అందుకు ముందు ఆయన బృందాలు మధ్యప్రదేశ్ గ్రామాలలో పర్యటించినపుడు పాటన్‌గఢ్ గ్రామంలో ఇంటి గోడలపై బొమ్మలు వేస్తున్న పర్ధాన్ గోండు యువకుడు జంగఢ్ సింగ్ శ్యామ్ ప్రతిభ వెలుగులోకి వచ్చింది. ఆయనకు భోపాల్‌లో ఉపాధి, కాగితం, రంగులు, పని చేసుకునే చోటు లభించాయి. 1989లో పారిస్‌లో జరిగిన అంతర్జాతీయ ప్రదర్శనలో ఆయన చిత్రాలు చోటుచేసుకున్నాయి. ఆయన శైలి నేడు ఆయన పేరుతోనే 'జంగఢ్ కలం'గా ప్రసిద్ధి పొందింది. ఆ బాటలో నడిచిన భజ్జూ శ్యామ్‌కు 2018లో, దుర్గాబాయి వ్యామ్‌కు 2022లో పద్మశ్రీ పురస్కారాలు లభించాయి.

ఈ కథలో విషాదం కూడా ఉన్నది. 2001లో జపాన్‌లోని ఒక మ్యూజియం ఆహ్వానంపై వెళ్లి అక్కడ చిత్రాలు వేస్తున్న కాలంలో జంగఢ్ ఆత్మహత్య చేసుకున్నారు. ఇంటికి, భాషకు, తన వారికి దూరంగా పనిచేసే గిరిజన కళాకారుని ఒప్పందం, వేతనం, తిరుగు ప్రయాణం, ఆరోగ్యం ఎవరి బాధ్యత అన్న చర్చ ఆయన మరణంతో దేశమంతటా తలెత్తింది. ఆహ్వానించడంతోనే సంస్థ బాధ్యత తీరదని ఈ ఉదంతం తెలియజేస్తున్నది.

తెలుగు నేలపై

తెలుగు ప్రాంతంలో ప్రభుత్వ ఆర్ట్ గ్యాలరీకి చిరకాల ఉదాహరణ రాజమహేంద్రవరంలోని దామెర్ల రామారావు చిత్రకళా ప్రదర్శనశాల. 1897లో జన్మించిన రామారావు 1925లో 28వ ఏట అకాల మరణం చెందారు. ఆయన చిత్రాలు చెదిరిపోకుండా కుటుంబ సభ్యులు, మిత్రుడు వరదా వెంకటరత్నం కాపాడారు. ఒక కళాకారుని పేరు నూరేళ్ల తరువాత కూడా నిలిచి ఉండడానికి ఆ పేరుతో ఒక గోడ, ఒక పట్టిక, వాటిని కాపాడే ఒక సంస్థ ఎంత అవసరమో ఈ గ్యాలరీ నిరూపిస్తున్నది.

గిరిజన సంస్కృతికి సంబంధించి హైదరాబాదు మాసబ్ ట్యాంకులోని నెహ్రూ శతజయంతి గిరిజన మ్యూజియం, 1996లో ప్రారంభమైన అరకు గిరిజన మ్యూజియం పేర్కొనదగినవి. హైదరాబాదు మ్యూజియం 1963లో ఏర్పడిన గిరిజన సంస్కృతి పరిశోధన సంస్థకు అనుబంధంగా ఉన్నది. అరకు మ్యూజియం మన్యం గిరిజనుల నిత్య జీవితాన్ని, పనిముట్లను, థింసా నృత్యాన్ని సందర్శకులకు పరిచయం చేస్తున్నది.

గ్యాలరీ అందించగల తోడ్పాటు

ప్రభుత్వ ఆర్ట్ గ్యాలరీ కళాకారులకు ప్రధానంగా నాలుగు విధాలుగా తోడ్పడగలదు. మొదటిది, రచనలను న్యాయమైన ధరకు కొనుగోలు చేయడం లేదా కొత్త రచనలను చేయించుకోవడం. ప్రభుత్వ సేకరణలో చేరిన రచన ఆ కళాకారుని ఇతర రచనలకు కూడా విలువ తెస్తుంది. రెండవది, పని చేసుకునే స్థలం, సామగ్రి, శిక్షణ శిబిరాలు కల్పించడం. మూడవది, రచనతో పాటు కళాకారుని పేరు, గ్రామం, తెగ, తయారీ విధానం, వారి సొంత మాటలలో చెప్పిన వివరణ నమోదు చేసి భద్రపరచడం. నాలుగవది, మధ్యవర్తుల ప్రమేయం లేకుండా కొనుగోలుదారునికి, కళాకారునికి నేరుగా పరిచయం కలిగించడం.

వీటిలో మూడవదానికి ఖర్చు అతి తక్కువ. ఎక్కువగా విస్మరణకు గురవుతున్నదీ అదే. పేరు లేని చోట ధర అడిగే హక్కు కూడా ఉండదు. పూజకు, మొక్కుబడికి సంబంధించిన వస్తువుల విషయంలో ఏది ప్రదర్శించవచ్చు, ఏది ప్రదర్శించరాదు అన్న నిర్ణయం ఆ సమాజానిదే కావాలి.

చట్టం కల్పించిన రక్షణ

1957 నాటి కాపీరైటు చట్టంలోని 57వ సెక్షను ప్రకారం, హక్కులు అమ్ముకున్న తరువాత కూడా రచన తనదేనని చెప్పుకునే అధికారం కళాకారునికి ఉంటుంది. తన ప్రతిష్ఠకు భంగం కలిగే విధంగా రచనను వికృతపరిస్తే అడ్డుకునే అధికారం కూడా ఉంటుంది. ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌లో శిల్పి అమర్‌నాథ్ సెహగల్ రూపొందించిన భారీ కంచు కుడ్యశిల్పాన్ని 1979లో తొలగించగా, ఆయన ప్రభుత్వంపైనే న్యాయపోరాటం సాగించారు. 2005లో ఢిల్లీ హైకోర్టు ఆయనకు అనుకూలంగా తీర్పునిచ్చి, శిల్పం శకలాలను తిరిగి అప్పగించాలని, 5 లక్షల రూపాయల పరిహారం చెల్లించాలని ఆదేశించింది. ప్రభుత్వ సంస్థలు కూడా ఈ చట్టానికి అతీతం కావని ఈ తీర్పు స్పష్టం చేసింది.

అదే చట్టంలోని 53ఎ సెక్షను ప్రకారం, మూల చిత్రం 10 వేల రూపాయలకు మించిన ధరకు తిరిగి అమ్ముడైనపుడు చిత్రకారునికి లేదా వారసులకు వాటా కోరే హక్కు ఉంది. ఈ వాటా 10 శాతానికి మించరాదు. ఒక ప్రాంత ప్రజల ఉమ్మడి నైపుణ్యానికి 1999 నాటి భౌగోళిక గుర్తింపు చట్టం రక్షణ కల్పిస్తున్నది. నెల్లూరు జిల్లాలోని ఉదయగిరి కొయ్య చెంచాలు, గరిటెలు ఈ గుర్తింపు పొందాయి.

కళాకారులు గమనించవలసినవి

రచనను గ్యాలరీకి అప్పగించే ముందు కళాకారులు ధర లేదా అద్దె, ప్రదర్శన గడువు, వస్తువు దెబ్బతింటే పరిహారం, ఫొటోలను ముద్రించే హక్కు, పేరు రాసే తీరు కాగితంపై రాయించుకోవడం శ్రేయస్కరం. చదువు రానివారు నమ్మకమైన వ్యక్తి చేత ఆ పత్రాన్ని చదివించుకున్న తరువాతనే వేలిముద్ర వేయాలి. కేంద్ర హస్తకళల అభివృద్ధి కమిషనర్ కార్యాలయం జారీచేసే 'పహచాన్' గుర్తింపు కార్డు హస్తకళాకారులకు ఉపకరిస్తుంది. 1987లో ఏర్పడిన ట్రైఫెడ్ సంస్థ గిరిజనుల ఉత్పత్తులను కొనుగోలు చేసి 'ట్రైబ్స్ ఇండియా' దుకాణాల ద్వారా విక్రయిస్తున్నది.

ఒకనాడు కొలత పట్టీతో మ్యూజియం ఈ తీరం వారిని పరిశీలించింది. అల్లూరు తీరంలో అల్లిన ఒక బుట్ట రేపు ఏదైనా గ్యాలరీకి చేరితే, దాని పక్కనున్న చీటీపై 'యానాదుల బుట్ట' అని మాత్రమే ఉంటే సరిపోదు. అల్లిన వారి పేరు, ఊరు, ఏ నీటిలో ఏ చేపకు దానిని వాడతారో వారే చెప్పిన మాట కూడా ఉండాలి. ఆ ఊరి పిల్లలు గ్యాలరీకి వచ్చినపుడు తమ తల్లి పేరో, తాత పేరో ఆ చీటీపై చదువుకోగలిగిన నాడు ఆ గ్యాలరీ వారిది కూడా అవుతుంది.