పోవడానికి ఇంజిన్.. తిరిగి రావడానికి?

కొత్త ఫైబర్ బోటు ఒడ్డున దిగిందంటే చూడ్డానికొచ్చినవాళ్లు మొదట అడిగేది ‘ఇంజిన్ ఎన్ని హార్స్‌పవర్?’ అనే. లంగరు తాడు ఎన్ని బారలని ఎవరూ అడగరు. డీజిలు ఏ లెక్కన పోస్తున్నావనీ అడగరు. ఇచ్ఛాపురం నుంచి తడ దాకా మన తీరంలో తిరిగే చిన్న మోటారు బోట్లను కాస్త దగ్గరగా చూస్తే తెలిసిపోతుంది.. డబ్బు పెడుతున్నది ఒకచోట, ప్రాణం నిలబడేది ఇంకోచోట.

తెరచాపతో పాటే పోయింది

తాతల నాటి తెప్పకు ఈ బాధ లేదు. దుంగలు కలిపి కట్టిన తెప్ప మీదికి ఎంత నీరొచ్చినా సందుల్లోంచి జారిపోతుంది. గాలి ఉంటే తెరచాప, లేకపోతే తెడ్డు. పోగలిగిన దూరమూ తక్కువే. 1979లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ మద్రాసు కేంద్రంగా ‘బే ఆఫ్ బెంగాల్ ప్రోగ్రామ్’ మొదలుపెట్టాక, హార్బరు లేని మన ఇసుక తీరాలకు పనికొచ్చే ఇంజిన్ పడవల మీద ప్రయోగాలు జరిగాయి. ఒడ్డుకొచ్చేటప్పుడు ప్రొపెల్లర్ నేలకు తగలకుండా ఇంజిన్‌ను పైకెత్తే ఏర్పాటు వాటిలో ఒకటి. తర్వాత చెక్క పోయి ఫైబర్ వచ్చింది. దూరం పెరిగింది, వేట పెరిగింది.

తెరచాప మాత్రం పోయింది. నడిసంద్రంలో ఇంజిన్ ఆగితే ఏం చేయాలన్న ప్రశ్నకు అదే జవాబుగా ఉండేది. దాని స్థానంలో ఇంకేదో పెట్టుకోవాలి కదా! చాలా బోట్లలో పెట్టుకోలేదు. అసలు గొడవంతా ఇక్కడే ఉంది.

పొగే తప్ప వేగం రాదు

నీటిని చీల్చుకుంటూ పోయే పడవకు దాని పొడవే వేగానికి హద్దు. నీటిమట్టం దగ్గరి పొడవును అడుగుల్లో తీసుకుని, దాని వర్గమూలాన్ని 1.34తో గుణిస్తే ఆ హద్దు నాట్లలో వస్తుంది. 25 అడుగుల బోటుకు 6.7 నాట్లు, అంటే గంటకు 12 కిలోమీటర్ల పైచిలుకు. అక్కడికొచ్చాక బోటు తాను లేపిన అలనే ఎక్కలేక అవస్థ పడుతుంది. యాక్సిలరేటర్ ఇంకా లాగితే పొగ పెరుగుతుంది, చప్పుడు పెరుగుతుంది, డీజిలు ఖర్చు పెరుగుతుంది. వేగం పెరిగేది నామమాత్రం. షికారు స్పీడు బోట్ల సంగతి వేరు; అవి నీటి మీద జారిపోయేలా కట్టినవి. వల, మంచు, చేపలు నింపుకున్న బోటు అలా జారదు. అందుకే ఎక్కువ హార్స్‌పవర్ కోసం అప్పు చేయడం నా దృష్టిలో ఒడ్డున గొప్ప చెప్పుకోవడానికే పనికొస్తుంది.

10 హార్స్‌పవర్ డీజిలు ఇంజిన్ పూర్తి లోడు మీద గంటకు సుమారు రెండున్నర లీటర్లు తాగుతుంది. ఆరు నాట్ల వేగంతో 20 నాటికల్ మైళ్లు, అంటే 37 కిలోమీటర్లు లోపలికి పోవాలంటే మూడు గంటల ఇరవై నిమిషాలు, ఎనిమిది లీటర్ల పైన. రావడానికి ఇంకో ఎనిమిది. చాలామంది లెక్క ఇక్కడే ఆపేస్తారు. చిన్న బోట్లు నడిపేవాళ్లు ఎన్నో దేశాల్లో పాటించేది మూడు వంతుల లెక్క: పోవడానికి ఒక వంతు, రావడానికి ఒక వంతు, ముట్టుకోకుండా ఒక వంతు. అంటే 16 కాదు, 25 లీటర్లు. ఆ మూడో వంతు వృథా ఏమీ కాదు. ఎదురుగాలి లేకపోతే క్యానుతో సహా ఇంటికే వస్తుంది.

సన్నటి నీటిధార

బోటు వెనక బయటికి బిగించే ఔట్‌బోర్డ్ ఇంజిన్ నడుస్తున్నంతసేపూ దాని వెనక నుంచి పెన్సిలంత నీటిధార చిమ్ముతుంటుంది. లోపలికి లాక్కున్న సముద్రపు నీరు ఇంజిన్‌ను చల్లబరిచి బయటికొస్తోందనడానికి గుర్తు అదే. ఏటి మొగల దగ్గర తేలే ప్లాస్టిక్ కవరు ఒకటి నీరు లాగే కన్నానికి అతుక్కుందంటే ధార సన్నబడుతుంది, ఆగి ఆగి కారుతుంది, చివరికి ఆగిపోతుంది. నీళ్లు అందక పొడిగా తిరిగిన పంపులోని రబ్బరు రెక్కలు కాసేపట్లోనే కాలిపోతాయి. అటు ఓ కన్నేసిన వాడికి ఇంజిన్ ఆపి, ఎత్తి, కవరు పీకెయ్యడం రెండు నిమిషాల పని. చూడనివాడికి ఇంజిన్ పట్టేస్తుంది. ఒడ్డుకొచ్చాక పది నిమిషాలు మంచినీళ్లతో నడిపితే ఉప్పు కొట్టుకుపోతుంది. ఖర్చులేని మరమ్మతు ఇంతకంటే ఇంకోటి లేదు.

ఇంజిన్‌కు రెండో శత్రువు డీజిల్లో చేరే నీరు. కింద గాజు గిన్నె ఉన్న ఫిల్టరు బిగిస్తే నీరు అడుగున విడిగా పేరుకుని కంటికి కనిపిస్తుంది. ఇక విడి సామాను.. ఇంకో ప్రొపెల్లర్, దాన్ని పట్టి ఉంచే పిన్ను, ఇంకో ఫిల్టరు, స్పానర్లు, ప్రొపెల్లర్‌కు చుట్టుకున్న వలను కోయడానికి పదునైన కత్తి. అన్నీ ఒక ప్లాస్టిక్ డబ్బాలో పట్టేస్తాయి.

మొగ దగ్గర అసలు పరీక్ష

మన తీరంలో చాలా ఊళ్లకు హార్బరు లేదు. ఏరు సముద్రంలో కలిసే మొగ గుండానో, నేరుగా ఇసుక మీంచి కెరటాల్లోకో పోవాలి. సముద్రంలో జరిగే ప్రమాదాలంటే మనకు నడిసంద్రమూ తుపానూ గుర్తొస్తాయి గానీ, ఇల్లు కనిపించే దూరంలో, మొగలో బోల్తాపడే బోట్ల సంగతి వార్తగా చదివి వదిలేస్తాం.

అల తన ఎత్తుకు సుమారు 1.3 రెట్లు లోతున్న చోటికి రాగానే విరిగిపడుతుంది. మీటరున్నర అలకు రెండు మీటర్ల లోతు చాలు. ఇసుక మేట వేసిన మొగలో ఉండేది కూడా దాదాపు అంతే. దానికి తోడు పాటు వేళ ఏటి నీరు బయటికి తోస్తుంటే, ఎదురొచ్చే అల కుదించుకుపోయి నిటారుగా లేస్తుంది. పొద్దున భయపెట్టిన మొగే పోటు నిండే వేళకు దారిస్తుంది. విశాఖ, కాకినాడల దగ్గర అమావాస్య, పున్నములకు కూడా పోటుకూ పాటుకూ తేడా ఒకటిన్నర మీటర్లకు అటూఇటూ. వినడానికి ఏపాటి అనిపిస్తుంది గానీ, రెండు మీటర్ల మొగకు అదే సర్వస్వం.

తెలిసిన సరంగు మొగ బయట బోటు నిలిపి అలలను చూస్తాడు. “మావా, ఎల్దామేటి?” అని ముందు కూర్చున్న కుర్రాడు తొందరపడతాడు. “ఆగరా, యెనకాల పెద్దదొస్తంది.” పెద్ద అలలు గుంపుగా వస్తాయి, ఆ తర్వాత కాస్త తెరిపి. ఆ తెరిపిలో, ముందు పోతున్న అల వీపు మీదే బోటును ఉంచుతూ, దాన్ని దాటిపోకుండా, వెనకదానికి దొరక్కుండా లోపలికి తెస్తాడు. అలను దాటి దిగాడా, ముక్కు నీళ్లలో గుచ్చుకుంటుంది, వెనక భాగం గిర్రున పక్కకు తిరుగుతుంది, బోటు అలకు అడ్డం పడుతుంది. ఆ చేతివాటం ఏ దుకాణంలోనూ దొరకదు.

లైఫ్ జాకెట్టు ఒంటి మీద ఉండాల్సింది ఇక్కడ. వేసుకుంటే ఉక్కపోత, పనికి అడ్డం అంటారు. ఆ మాట అబద్ధం కాదు. రోజంతా వేసుకోలేకపోతే కనీసం మొగ దాటేటప్పుడు, రాత్రిపూట, బోటులో ఒక్కరే ఉన్నప్పుడైనా వేసుకోవాలి. బల్ల కింద మూటగట్టిన జాకెట్టు తనిఖీకి వచ్చిన అధికారిని తృప్తిపరుస్తుంది, అంతే. బోటు తిరగబడితే మాత్రం దాన్ని వదిలి ఈదడం మొదలుపెట్టకూడదు. వెతికేవాళ్ల కంటికి తల కన్నా బోటే ముందు ఆనుతుంది.

హైదరాబాద్ నుంచి సముద్రం కబురు

సముద్రం లేని హైదరాబాద్‌లో కూర్చుని దేశమంతటికీ అలల కబురు చెప్పే సంస్థ ఇన్‌కాయిస్. అది చెప్పే అల ఎత్తును సరిగ్గా చదవాలి. ఆ అంకె అన్నిటికంటే పెద్ద అలది కాదు. అలల్లో పెద్దవైన మూడో వంతు వాటి సగటు. 1.5 మీటర్లని చెప్పిన రోజు ఎప్పుడో ఒక అల మూడు మీటర్లకూ లేవొచ్చు. చిన్న బోట్ల కోసమే 2020లో అదే సంస్థ ప్రత్యేక హెచ్చరికల సేవ తెచ్చింది. ఏడు మీటర్ల లోపు వెడల్పున్న బోట్లు ఎక్కడ తిరగబడే ముప్పుందో పది రోజుల ముందే చెబుతుంది. రేవుల్లో ఎగరేసే మూడో నంబరు హెచ్చరిక అందరికీ తెలిసిందే. దానికోసం ఎదురుచూడనక్కర్లేదు, ఆ హెచ్చరిక లేని రోజున కూడా చిన్న బోటుకు సముద్రం పెద్దదే కావొచ్చు.

ఇంజిన్ ఆగిపోతే..

ఇంజిన్ ఆగిన బోటు తనంతట తాను అలలకు అడ్డంగా తిరుగుతుంది. తీరం దగ్గరైతే వెంటనే లంగరు వేయాలి. లోతుకు ఐదు నుంచి ఏడు రెట్లు తాడు వదిలితేనే లంగరు నేలను పడుతుంది. పది బారల నీటికి యాభై బారలైనా ఉండాలి, చివర నాలుగు మీటర్ల గొలుసు ఉంటే ఇంకా మేలు. లంగరు అందని లోతులో టార్పాలిన్‌తో కుట్టిన గరాటు సంచిని ముందు నుంచి వదిలితే బోటు ముక్కు గాలికి ఎదురుగా నిలుస్తుంది, కొట్టుకుపోవడమూ తగ్గుతుంది. వేలకు వేలు పోసి ఇంజిన్ కొన్నవాళ్లలో ఈ సంచి ఎంతమంది దగ్గరుందో అడిగి చూడండి.

కొట్టుకుపోవడమంటే ఎంత? ఒక్క నాటు వేగంతో 12 గంటల్లో 22 కిలోమీటర్లు. మార్చి ప్రాంతంలో మన తీర ప్రవాహం ఒడిశా వైపు, నవంబరులో తమిళనాడు వైపు. అందుకే ఆలస్యంగా అందిన కబురు వెతికేవాళ్లకు పెద్దగా పనికిరాదు. లోపలికి పోయేకొద్దీ సెల్‌ఫోను మీద నమ్మకం పెట్టుకోలేం. వీహెచ్ఎఫ్ రేడియోలో 16వ చానల్ ఆపద పిలుపులకు అంతర్జాతీయంగా కేటాయించినది. చుట్టుపక్కల ఓడలూ వింటుంటాయి. ఇస్రో తయారుచేసిన డాట్ పరికరం మీట నొక్కితే ఉపగ్రహం ద్వారా ఆపద కబురు తీరరక్షక దళానికి చేరుతుంది. 2024 జనవరిలో వచ్చిన కొత్త తరం డాట్‌లో కబురు అందినట్టు బోటుకు తిరుగు సమాధానమూ వస్తుంది.

రాత్రిళ్లు ఇంకో గండం. ఫైబర్ బోటు పెద్ద ఓడల రాడారుకు సరిగా ఆనదు. కొయ్య మీద లోహపు రిఫ్లెక్టరు, నలువైపులా కనిపించే తెల్ల దీపం తప్పనిసరి.

సముద్రం మీదికి మనిషిని పంపే ప్రతి ఇంట్లో ఒక కాగితం ఉండాలి. బోటు నంబరు, ఎంతమంది ఎక్కారు, ఏ దిక్కుకు ఎంత దూరం, ఎన్ని గంటలకు వస్తామన్నారు.. ఈ నాలుగూ రాసి ఉంచండి. చెప్పిన వేళ దాటితే తెల్లారేదాకా ఆగొద్దు. తీరరక్షక దళం నంబరు 1554, మెరైన్ పోలీసులది 1093.