సొట్టలు తీయు విద్య

మామిడిపండు నొకదానిని కాగితములో చుట్టి చూడుడు. నూజివీటి చిన్నరసమైనను, బంగినపల్లియైనను సరే. ఎంత నేర్పుగా చుట్టినను కాగితము ముడుతలు పడక మానదు. గాజుసీసాపై నున్నగా అమరిన కాగితమే పండు మీద ఏల మొరాయించును? సీసా ఒక దిక్కునకే వంగినది. పండు అన్ని దిక్కులకు వంగినది. చిరుగక, సాగక, ముడుతపడక సమతలము అట్టి వంపు మీద పరచుకొనజాలదని జర్మను గణితవేత్త గౌస్ 1827లో వెల్లడించిన సిద్ధాంతము వలన తేలుచున్నది.

పాత మోటారుకారు మడ్గార్డును పరికించినచో ఇదే సమస్య కనబడును. అదియు పండువలె అన్ని దిక్కులకు వంగినదే. మరి సమతలమైన ఉక్కురేకు ఆ రూపమునెట్లు పొందినది? కాగితమునకు చేతకాని పని లోహమునకు చేతనగును. అది సాగును, కుదించుకొనును. కర్మాగారములో పెద్ద అచ్చుయంత్రము క్షణములో చేయు ఈ పనిని ఇంటి పెరటిలో సుత్తితోను, ఓర్పుతోను చేయువారు కలరు. పాత కార్లను బాగుచేయుట వేడుకగా పెట్టుకొన్నవారికి ఇది ముఖ్యమైన విద్య. మన గ్యారేజీలలో దీనిని టింకరింగు అందురు.

అట్టి కారొకటి నూజివీటి ప్రాంతపు తోటలో, చెట్ల నీడను ఏండ్ల తరబడి నిలిచియున్నదనుకొందము. అది అంబాసిడర్ అనుకొందము. ఇంగ్లండు దేశపు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాను అనుసరించి హిందూస్థాన్ మోటార్సు వారు కలకత్తా చెంతనున్న ఉత్తరపారాలో దానిని నిర్మించిరి. 1950ల చివర వెలువడిన ఆ కారు నిర్మాణము 2014లో ఆగిపోయెను. తోటలో నిలిచిన కారునకు శత్రువులు పెక్కు. పూతకాలమున తేనెమంచు పురుగు విడుచు జిగురు దానిపై రాలును. ఆ జిగురునకు దుమ్ము అంటుకొనును. ఎండుటాకులు ముందరి అద్దము క్రింది సందులలో చేరి వాననీరు పోవు దారులను మూయును. తలుపుల అడుగుననున్న చిన్న రంధ్రములు మట్టితో పూడును. నీరు లోపల నిలిచిపోవును. ఇనుము, నీరు, ప్రాణవాయువు కూడిన చోట తుప్పు పుట్టును. తుప్పు తాను పుట్టిన ఇనుము కంటె ఎక్కువ చోటు నాక్రమించును గనుక పైరంగు పొక్కులుగా లేచును. మనము పొక్కును చూచునాటికి లోపలి రేకు చాలవరకు తినబడియుండుట తరచు జరుగునదే.

ఇది అందమునకు మాత్రమే సంబంధించిన సంగతి యని భావింపరాదు. లారీకి అడుగున దృఢమైన చట్రము వేరుగా నుండును. అంబాసిడర్‌కు అట్టి వేరు చట్రము లేదు. నేల, గుమ్మముల క్రింది పెట్టెవంటి దూలములు, స్తంభములు, కప్పు—ఇవన్నియు ఒకదానికొకటి అతికిన రేకులే. అవియే బరువును మోయును. గుమ్మము క్రింది రేకు తుప్పుపట్టుట ఇంటి దూలము పుచ్చుట వంటిది.

మరమ్మతు చేయువాని అంతరాత్మకు ఇచ్చటనే పరీక్ష. చిల్లుపై లప్పము మెత్తి, ఉప్పుకాగితముతో రుద్ది, రంగు పూసినచో కారు రెండు దినములలో పెండ్లికొడుకువలె మెరయును. కాని లప్పము బరువును మోయదు. దాని క్రింది తుప్పు ఆగదు. ప్రమాద సమయమున ఆ దూలము నలిగినచో లోపలివారి ప్రాణములకే ముప్పు. సరియైన పద్ధతి శ్రమతో కూడినది. తుప్పు తిన్న భాగమును, మంచి లోహము కనబడువరకు, కత్తిరించి తీసివేయవలెను. అంతే దళసరిగల కొత్త రేకును—పాత కార్లలో ఇది సుమారు 1 మిల్లీమీటరు—అదే వంపునకు మలచి, అంచులు కలిపి అతుకవలెను. రూపము కుదిరిన పిదప వెంట్రుకవాసి పల్లములను పూడ్చుటకు పలుచని లప్పము వాడుటలో దోషము లేదు.

మలచుట యనగా సాగదీయుట, కుదించుట. ఇసుక నింపిన తోలుసంచి మీద రేకు నుంచి కొయ్యసుత్తితో నడుమ కొట్టినచో అచ్చట రేకు సాగి, పలుచనై, గుంటపడును. అంచులను చిన్న ముడుతలుగా కూర్చి ఆ ముడుతలను అణగగొట్టినచో అచ్చట రేకు కుదించుకొని దళసరియగును. మడ్గార్డు వంపులన్నియు ఈ రెంటి కలయిక చేతనే ఏర్పడును.

సొట్ట తీయుటలో నేర్పు మరియొక విధము. పనివాడు ఎడమచేత ఇనుపదిమ్మెను రేకు లోపలివైపు పట్టి, కుడిచేత వెలుపల సుత్తి నాడించును. ఈ దిమ్మెను డాలీ యందురు. సుత్తి సరిగా దిమ్మెకెదురుగా పడినచో రెండు ఇనుముల నడుమ రేకు నలిగి సాగును. కాబట్టి తెలిసినవాడు మొదటనే అట్లు కొట్టడు. పల్లము క్రింద దిమ్మెను ఒత్తిపట్టి, దాని ప్రక్కన ఉబ్బిన గట్టుపై తేలికగా తట్టును. గట్టు దిగుచుండగా పల్లము లేచును. దెబ్బ తగిలినపుడు చివర పడిన మడతను ముందుగా తీయుట ఈ పనిలో నియమము. కొత్తవాడు తొందరపడి పల్లము నడుమనే బాదును. అపుడు రేకు సాగి, వ్రేలితో నొక్కిన డబ్బా మూతవలె టక్కుటక్కుమని లోపలికి, వెలుపలికి ఆడుచుండును.

అట్లు సాగిన రేకును దారికి తెచ్చుట భౌతికశాస్త్ర పాఠమే. రూపాయి నాణెమంత చోటును ఎర్రబడువరకు కాల్చుదురు. వేడెక్కిన లోహము వ్యాకోచింపజూచును. చుట్టునున్న చల్లని రేకు దానికి చోటీయదు. దారిలేక ఆ చోటు దళసరియగును. చల్లారునపుడు సంకోచించి చుట్టుప్రక్కల రేకును తనవైపు లాగుకొనును. రైలుపట్టాల నడుమ సందును ఉదాహరణగా చెప్పు ఉపాధ్యాయులకు ఇది చక్కని రెండవ ఉదాహరణము.

ఈ విద్య మోటారుతో పాటు దిగుమతియైనదని తలపరాదు. కంచరివాడు ఇత్తడి రేకును కొట్టినకొలది అది గట్టిపడి మొండికెత్తును. పగులకముందే కాల్చి మెత్తబరచి మరల కొట్టును. ఉక్కురేకు స్వభావమును ఇట్టిదే. తెలంగాణములోని పెంబర్తిలో ఇత్తడి రేకుపై దేవతామూర్తులను, లతలను ఉబ్బెత్తుగా తీర్చు శిల్పులును, తణుకు చెంత అజ్జరములో ఇత్తడి సామాను చేయువారును ఈ లోహధర్మమును తరతరములుగా ఎరిగినవారే. నూజివీటికి దాపుననున్న విజయవాడ ఆటోనగర్‌లో లారీలకు దేహములను కట్టు పనివారు వారికి దాయాదులే యనవచ్చును. అనుభవశాలియైన టింకరు రేకు నునుపును కంటితో నమ్మడు. అరచేతితో నిమిరి చూచును. మెరుపు కంటిని మోసగింపవచ్చును; కన్ను పట్టలేని మిట్టపల్లములు చేతికి తెలియును.

ఆ అరచేతి జ్ఞానము పుస్తకములలో దొరకునది కాదు. కొత్త కార్లకు దెబ్బ తగిలినపుడు భాగమును మార్చివేయుటయే తరచు చౌక, త్వరితము. మార్చుట కలవాటుపడిన చేయి మలచుటను మరచును. పాత కార్లకు కొత్త భాగములు సులభముగా దొరకవు గనుక వాటిని ప్రేమించువారు ఈ పనిని నిలుపుచున్నారు. 50 ఏండ్లు దాటిన వాహనముల నమోదుకై భారత ప్రభుత్వము 2021లో ప్రత్యేక నియమములు చేసెను. ఆ గౌరవమునకు వయస్సొక్కటే చాలదు; దేహమును, చట్రమును, యంత్రమును మార్పులకు లోనుగాక మూలరూపమున నిలిచియుండవలెను. కాబట్టి రేకును మూలరూపమునకు తెచ్చు చేతికి చట్టరీత్యా కూడ విలువ కలిగినది.

విద్యార్థు లెవరైన ఈ పని నేర్వగోరినచో కారుతో ప్రారంభింపరాదు. నిప్పుతోడి పని పెద్దల యెదుటనే చేయవలెను. పెట్రోలు తొట్టిని ఖాళీగా నున్నదని నమ్మి అతుకబూనరాదు. లోపల మిగిలిన ఆవిరి నిండు తొట్టి కంటె ప్రమాదకరము. చేయదగిన మొదటి పాఠము సులువైనది. జానెడు రేకు ముక్క, ఇసుకసంచి, కొయ్యసుత్తి, కంటికి అద్దములు, చేతికి తొడుగులు—ఇవి చాలును. రేకు అంచులను ఆకురాయితో నున్నగా రాచి, నడుమ నుండి చుట్టును తేలికగా కొట్టుచు గిన్నె నొకదానిని చేయుడు. మొదటిది వంకరగా వచ్చును. దానిని పారవేయక, ఎచ్చట సాగినదో, ఎచ్చట ముడుతపడినదో చేతితో నిమిరి తెలిసికొని, రెండవ ముక్కను చేతబట్టుడు.