చేపల చోట్లకును సర్వే నంబరు కావలెను

(ఒక మండల వ్యవసాయాధికారి, బి.యస్సి., వ్యవసాయము)

భూమికి సర్వే నంబరు కలదు, గట్టు రాయి కలదు. గ్రామ పటములో ప్రతి కమతమునకు గీత కలదు. కాని ఊరి చెరువులో ఏ మూలన కొరమేను గూడు కట్టునో, తొలకరి నీటికి ఏ వాగు మలుపున జెల్లలు, పరిగెలు ఎదురెక్కునో, వేసవిలో ఏ మడుగున మార్పులు తలదాచుకొనునో ఏ దస్తరములోను వ్రాసి లేదు. ఆ వివరములు వృద్ధులైన మత్స్యకారుల మనస్సులలోనే యున్నవి. చెరువులు పూడుచున్నవి. వాగులు దారి మార్చుచున్నవి. వృద్ధులు గతించుచున్నారు. వారితోపాటు ఈ జ్ఞానమును పోవుచున్నది.

నేడు చాలమంది రైతుల చేతిలో సెల్‌ఫోను కలదు. తాము నిలిచిన చోటును తెలిసికొను సాధనము అందులోనే యున్నది. దాని సహాయముతో సహజముగా పెరుగు చేపలు దొరకు చోట్లను డిజిటల్ పటముపై గుర్తించి, ఊరి ఆస్తిగా భద్రపరచుకొనవచ్చును. అయితే ఈ పనిలో మేలును కలదు, కీడును కలదు. రెండును స్వయముగా చూచితిని గనుక ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

చోటు వ్రాయుట ఎందులకు?

చేపను సేకరించిన చోటును వ్రాసియుంచుట క్రొత్త పని కాదు. పాట్రిక్ రస్సెల్ అను వైద్యుడు విశాఖపట్టణమున సేకరించిన 200 చేపల బొమ్మలను, వర్ణనలను 1803లో లండనులో గ్రంథముగా ప్రకటించెను. అందు మన తీరపు జనులు పిలుచు పేర్లనుకూడ పొందుపరచెను. కాని ఆ గ్రంథము పేరు మనకు తెలుపు చోటు పట్టణము మాత్రమే. ప్రతి చేపయు ఏ వాగు నోటివద్ద, ఏ నెలలో, ఎంత నీటిలో దొరకెనో తెలిసియుండిన, ఆనాటి నీటిని నేటి నీటితో పోల్చి చూచుటకు ఎంతయో వీలు కలిగెడిది.

పెంపకపు చేపల విషయములో ఈ అవసరము కొంత తగ్గినది. పూర్వము బొచ్చె, శీలావతి, ఎర్రమోసు పిల్లలను నదులనుండి ఏరి తెచ్చెడివారు. 1957 జూలై 10వ తేదీన డాక్టర్ హీరాలాల్ చౌధురి ఒడిశాలో పిట్యూటరీ గ్రంథి సారమును సూదిమందుగా ఇచ్చి, ఈ కోవకు చెందిన చేపలచే గ్రుడ్లు పెట్టించుటలో విజయము సాధించిరి. తరువాత హేచరీలు వచ్చినవి. ఆ దినమునే జాతీయ మత్స్య రైతుల దినోత్సవముగా జరుపుకొనుచున్నాము. కాని కొరమేను పిల్లలను నేటికిని అనేక గ్రామములలో కుంటలనుండి, పంట కాలువలనుండియే ఏరుచున్నారు. కావున ఆ కుంట ఏది, ఆ కాలువ ఏది అనునది ఇప్పటికిని విలువగల సమాచారమే.

గుర్తు పెట్టు విధానము

భూగోళముపై ఏ చోటునైనను రెండు సంఖ్యలచే తెలుపవచ్చును. మొదటిది అక్షాంశము, రెండవది రేఖాంశము. మన రాష్ట్రములో అక్షాంశము 12కు 20కి మధ్యను, రేఖాంశము 76కు 85కు మధ్యను ఉండును. ఈ హద్దులను జ్ఞాపకముంచుకొనుడు. ఒకమారు నేను తొందరలో రెండు సంఖ్యలను తారుమారు చేసి వ్రాయగా, మా మండలపు చెరువు ఉత్తర ధ్రువమునకు చేరువనున్న మంచు సముద్రములో తేలినది!

దశాంశ బిందువు తరువాత ఎన్ని అంకెలు వ్రాసినచో అంత ఖచ్చితము. ఒక అంకె వ్రాసిన సుమారు 11 కిలోమీటర్ల వరకు, రెండంకెలు వ్రాసిన సుమారు 1.1 కిలోమీటరు వరకు, నాలుగంకెలు వ్రాసిన సుమారు 11 మీటర్ల వరకు చోటు తెలియును. సెల్‌ఫోను ఆరుబయటకూడ కొన్ని మీటర్ల తేడాతోనే చూపును. గనుక ఐదంకెలు చాలును. అంతకు మించినవి అలంకారము మాత్రమే.

ఈ క్రింది విషయములను గమనించవలెను:

1. చెట్ల నీడను వదలి, ఆకాశము బాగుగా కనబడు చోట ఒక నిమిషము కదలక నిలువవలెను. తెరమీది చుక్క చుట్టునున్న వలయము చిన్నదైన తరువాతనే గుర్తు పెట్టవలెను.

2. ఇంటర్నెట్ లేని చోటకూడ ఉపగ్రహ సంకేతములు అందును. పటమును మాత్రము ఇంటివద్దనే ఫోనులోనికి దింపుకొనవలెను. గూగుల్ మ్యాప్స్, ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్, ఇస్రోవారు 2009లో ప్రారంభించిన భువన్—వీటిలో ఏదైనను పనికివచ్చును.

3. కట్టమీద నిలిచి పెట్టిన గుర్తు కట్టకే గుర్తు, చేపకు కాదు. తెప్పపై ఆ చోటికి వెళ్ళవలెను. వెళ్ళలేనిచో ఏ దిక్కున, ఎన్ని బారల దూరమో వ్రాయవలెను.

4. తేదీ, వేళ, నీటి లోతు, నీరు పారుచున్నదా నిలిచియున్నదా, వేసినది విసురువలయా, గాలమా, మావా, ఎంతసేపు వేసిరి, ఎన్ని చేపలు పడినవి అనునవి గుర్తుతోపాటు వ్రాయవలెను.

5. చేప పేరును ఊరివారు పిలుచునట్లే వ్రాసి, ఫోటో తీయవలెను. మనవారు కొరమేను అనుదానిని తెలంగాణములో కొరమట్ట అందురు. ఫోటో యున్నచో పేరునుగూర్చిన తగవు ఉండదు.

6. వల ఖాళీగా వచ్చిన చోటునుకూడ వ్రాయవలెను. దొరికిన చోట్లనే వ్రాసినచో, చేప తగ్గిన సంగతి ఎన్నటికిని బయటపడదు.

ఫోను పాడగును, పోవును. గనుక నెలకొకమారు ఈ వివరములను ఒక పుస్తకములో ఎక్కించుట మంచిది.

నేను చేసిన పొరపాటు

మూడు సంవత్సరముల క్రిందట తొలకరిలో పంట పరిశీలనకై మా మండలములోని ఒక చెరువు క్రింది పొలములకు వెళ్ళితిని. అచ్చటి వృద్ధ మత్స్యకారుడొకరు నన్ను తెప్పపై ఎక్కించుకొని, తూము ప్రక్కనున్న తుంగలోనికి తీసికొనిపోయి కొరమేను గూడు చూపెను. ఆడ, మగ చేపలు కలసి కలుపును ప్రక్కకు నెట్టి చిన్న జాగా చేసికొనును. పసుపు పూసల వంటి గ్రుడ్లు నీటిపై తేలుచుండును. ఒకటి రెండు దినములలో అవి పొదుగును. పిల్లలు కొంత ఎదిగిన పిమ్మట ఎర్రని గుంపుగా పైకి వచ్చి గాలి పీల్చుచుండును. తల్లిదండ్రులు కొన్ని వారములపాటు క్రిందనుండి కాపలా కాయును.

నేను సంతోషముతో గుర్తు పెట్టి, పదిమందికి తెలిసిన మేలే కదా యని, ఫోటోతో సహా రైతుల ఫోను బృందమునకు పంపితిని. ఆ సందేశము చేతులు మారినది. వారము తిరుగకముందే ఒక రాత్రి బయటివారెవరో వ్యానులో వచ్చి, కాపలా చేపలను గాలములతోను, పిల్లలను దోమతెర గుడ్డతోను పట్టుకొనిపోయిరి. చెరువంతయు వెదకిన జాడలు లేవు. తిన్నగా ఆ తుంగవద్దకే దిగిరి.

ఆ పెద్దాయన నన్ను కోపగించుకొనలేదు. "బాబూ, ఆ చోటు మా నాయన నాకొక్కడికే చూపించాడు. మిమ్మల్ని నమ్మి మీకు చూపించాను. మీరు లోకమంతటికీ చూపించేశారు" అని మాత్రమనెను. నావద్ద సమాధానము లేకపోయెను. మరుసటి తొలకరికి ఆ తుంగలో గూడు కనబడలేదు.

ఇట్టి నష్టము పెద్ద ఎత్తునను జరిగినది. కేరళలోని పడమటి కనుమల వాగులలో 'మిస్ కేరళ' అను ఎర్ర చారగల చిన్న చేప కలదు. 1865లో ఫ్రాన్సిస్ డే దీనిని శాస్త్రలోకమునకు తెలియజేసెను. తరువాత కాలమున అద్దపు తొట్లలో పెంచుటకై దీనిని వాగులనుండి విపరీతముగా పట్టి విదేశములకు పంపగా, దాని సంఖ్య తగ్గి, అది అపాయములో నున్న జాతుల పట్టికకెక్కినది.

రెండు పటములు ఉంచుకొనుడు

కావున నా సలహా యేమనగా, ప్రతి గ్రామమునకు రెండు పటములుండవలెను.

మొదటిది ఊరి పటము. ఇందు ఐదంకెల ఖచ్చితముతో అన్ని చోట్లును ఉండును. ఇది మత్స్యకార సహకార సంఘమువద్దను, గ్రామ జీవవైవిధ్య నిర్వహణ సమితివద్దను ఉండవలెను. 2002 నాటి జీవవైవిధ్య చట్టము ప్రకారము ప్రతి స్థానిక సంస్థలోను ఇట్టి సమితి యుండి, ప్రజా జీవవైవిధ్య పట్టికను తయారుచేయవలెను. ఆ పట్టికలో చేపల అధ్యాయమును నింపుటకు ఈ వివరములకంటె మంచివి లేవు. గ్రామాధికారులు దీనిని గమనింతురుగాక.

రెండవది లోక పటము. పరిశోధకులకు, ఇతర శాఖలకు, బయటివారికి ఇచ్చునది. ఇందు గ్రుడ్లు పెట్టు చోట్లను ఒక్క అంకెకే కుదించి చూపవలెను. ఆ ప్రాంతమున చేప కలదని తెలియును గాని, ఏ తుంగలో నున్నదో తెలియదు. చోటు చూపినవారి సమ్మతి లేనిదే ఖచ్చితమైన గుర్తును ఎవరికిని ఈయరాదు. ఫోనుతో తీసిన ఫోటోలోనే స్థలము సంఖ్యలు దాగియుండవచ్చును. పంపుటకు ముందు వాటిని తొలగించవలెను.

దీనికొక మినహాయింపు కలదు. ఆఫ్రికా జాతి క్యాట్‌ఫిష్, దెయ్యపు చేప యనబడు సక్కర్ చేప వంటి పరాయి జాతులు కనబడినచో దాచనక్కరలేదు. ఆ చోటును వెంటనే, పూర్తి అంకెలతో మత్స్యశాఖవారికి తెలుపవలెను.

వరి రైతునకు దీనితో పని యేమి?

చాలనే కలదు. పటములో చెరువు, కాలువ, పొలము ఒకే తెరపై కనబడును. ఏ మడినుండి జారిన నీరు ఏ గూటికి చేరునో అప్పుడు తెలియును. ఎండోసల్ఫాన్ 2011లో నిషేధింపబడినది గాని, సింథటిక్ పైరిథ్రాయిడ్ జాతి మందులు చేపలకు మిక్కిలి విషకరములు. మందు కొట్టిన మడినుండి నీటిని వెంటనే కాలువలోనికి వదలరాదు. స్ప్రేయరును చెరువులో కడుగరాదు. ఈ మాటను ఊరందరికి చెప్పుటకంటె, గూటికి ఎగువనున్న నలుగురైదుగురు రైతులకు, గూటి మాట ఎత్తకయే, తొలకరిలో చెప్పిన ఫలితము ఎక్కువ. ఆ నలుగురు ఎవరో పటము చెప్పును.

నిరుడు ఆ పెద్దాయన తన మనుమనిచే మరొక మూలను గుర్తింపజేసెను. ఆ గుర్తు వారి సంఘపు పుస్తకములో నున్నది. అది ఎచ్చటనో నేను అడుగలేదు. తూమునకు ఎగువనున్న రైతులతో మందుల సంగతి మాత్రము మాటలాడితిని.

రైతు సోదరులు, గ్రామాధికారులు వచ్చు తొలకరికి ఒక్క చెరువుతోనైనను ఈ పని ప్రారంభింతురుగాక. తెలిసినవారు ఉండగానే అడిగి వ్రాసికొనుడు. వ్రాసినదానిని భద్రముగా దాచుకొనుడు.