పోపుల డబ్బా, క్యాష్ మెమరీ

పోయిన ఏడాది ఆగస్టులో మా ఇంట్లో సుమారు 2 కిలోల కారం చెత్తబండిలోకి వెళ్లింది. కారణం నేనే. అది ఎందుకు పాడైందో తెలుసుకుందామని మొదలుపెట్టి, చివరికి వంటింట్లో ఉన్న డబ్బాలన్నీ తీసి చూశాను. అదే ఈ ఆర్టికల్. నాది మొదటి నుంచీ ఇంగ్లిష్ మీడియం. అక్కడక్కడా ల్యాబ్ రికార్డులా అనిపిస్తే ఏమీ అనుకోకండి.

ముందు జరిగింది చెప్తాను. మేముండేది చిల్కానగర్‌లో. మా నానమ్మ జనగామ దగ్గర ఊళ్లో ఉంటుంది. ప్రతి ఎండాకాలం మిర్చి కొని, తొడిమలు తీసి, డాబా మీద ఎండబెట్టి, మూటకట్టి ఉప్పల్ దాకా బస్సులో తెస్తుంది. ఆ మే నెలలో 3 కిలోలు తెచ్చింది. గిర్నికి తీసుకెళ్లే పని నాకు పడింది. దగ్గుకుంటూ తుమ్ముకుంటూ గంటసేపు నిలబడి పట్టించుకొచ్చాను. కారం ఇంకా వేడివేడిగా ఉంది. మర్నాడు నాకు ఇంటర్నల్స్. అలాగే 3 ట్రాన్స్‌పరెంట్ ప్లాస్టిక్ డబ్బాల్లో నింపి, మూతలు బిగించి, స్టవ్ పక్కన కిటికీ దగ్గర పెట్టేశాను. చూడ్డానికి ఇన్‌స్టా రీల్‌లో వంటిల్లులా ఉంది.

మొదటి డబ్బా బానే గడిచింది. ఆగస్టులో రెండోది తీస్తే పైన గడ్డలు, లోపల తెల్లటి బూజు. మూడోది కూడా అంతే. నానమ్మకు ఫోన్ చేసి చెప్తే తిట్టలేదు. "పోతే పోయింది తీ బిడ్డా. వచ్చే ఏడాది నా మోకాళ్లు డాబా ఎక్కనిస్తయో లేదో గానీ" అంది. తిట్టినా బాగుండేది.

నలుగురు శత్రువులు

మసాలా దినుసులకు శత్రువులు నాలుగు: వేడి, తేమ, వెలుతురు, గాలి. నేను నాలుగింటినీ ఒకేచోట కూర్చోబెట్టాను.

గిర్నిలో రాపిడికి కారం బాగా వేడెక్కుతుంది. ఎంత ఎండిన మిర్చిలోనైనా కొంచెం తేమ ఉంటుంది. వేడి పొడిని మూతపెడితే ఆ తేమ ఆవిరై పైకి లేస్తుంది, డబ్బా చల్లారాక మూతకు నీటి చుక్కలుగా పట్టి మళ్లీ కారంలోనే పడుతుంది. బూజుకు అంతకన్నా ఏం కావాలి? అందుకే గిర్ని నుంచి రాగానే బట్ట మీదో పేపర్ మీదో పలచగా పరిచి, పూర్తిగా చల్లారాకే డబ్బాలో పెట్టాలి.

ఇక వెలుతురు. మిర్చికి ఎరుపునిచ్చేది క్యాప్సాంథిన్ లాంటి రంగు పదార్థాలు. వెలుతురు, గాలి తగిలితే అవి విరిగిపోతాయి. మా డబ్బాల్లో కిటికీ వైపున్న కారం ఇటుక రంగుకు తిరిగింది అందుకే. మంటనిచ్చేది వేరే పదార్థం, క్యాప్సైసిన్. అది అంత తొందరగా పోదు. కాబట్టి వెలిసిన కారం కూడా నోరు మండిస్తుంది, కానీ కూరకు రంగూ రాదు, వాసనా రాదు. పసుపులోని కర్క్యుమిన్‌కు కూడా వెలుతురు పడదు. స్టీలు డబ్బా, పింగాణీ జాడీ అందంగా కనపడకపోయినా వాటి పని అవి చేస్తాయి. గాజు సీసాలే కావాలంటే తలుపున్న అరలో పెట్టండి. ఒక్క చింతపండును మాత్రం స్టీలు, ఇత్తడి డబ్బాల్లో పెట్టొద్దు, పులుపు లోహాన్ని తింటుంది. దానికి జాడీయే కరెక్ట్.

గింజగా ఉంచాలా, పొడి కొట్టాలా?

ఇక్కడ చిన్న లెక్క. 1 సెంటీమీటర్ ఘనం తీసుకోండి. దాని ఉపరితలం 6 చదరపు సెంటీమీటర్లు. దాన్ని 1 మిల్లీమీటర్ ముక్కలు చేస్తే 1000 ముక్కలు, మొత్తం ఉపరితలం 60. మిల్లీమీటర్‌లో పదో వంతుకు దంచితే 600. అంటే సరుకు అదే, గాలి తగిలే చోటు మాత్రం 100 రెట్లు. ధనియాలు, జీలకర్ర, మిరియాల్లో వాసనంతా ఆవిరైపోయే నూనెల్లోనే ఉంటుంది. గింజ పైపొర వాటికి మూతలాంటిది. దంచామంటే మూత తీసినట్టే. అందుకే గింజలు ఏడాది ఉన్నా పర్వాలేదు, పొడి మాత్రం నెల, రెండు నెలలకు సరిపడా కొట్టుకుంటే చాలు.

ఆవాలది ఇంకో కథ. గింజగా ఉన్నప్పుడు వాసనే ఉండదు. నలిపి తడి తగిలిస్తే లోపల విడివిడిగా ఉన్న ఎంజైమూ, ఇంకో పదార్థమూ కలిసి, ముక్కుకెక్కే ఘాటు పుడుతుంది. ఆవకాయలో ఆవపిండి చేసేది అదే. పోపులో మాత్రం నూనె వేడికి ఆ ఎంజైమ్ చచ్చిపోతుంది, లోపలి నీరు ఆవిరై గింజ చిటపటలాడుతుంది, ఘాటు బదులు కమ్మదనం వస్తుంది. ఒకే ఆవాలు, రెండు అవుట్‌పుట్‌లు.

మెమరీ హైరార్కీ

మా నానమ్మ కంప్యూటర్ ఆర్కిటెక్చర్ చదవలేదు. కానీ ఆమె ఇంట్లో కారం మూడు చోట్ల ఉంటుంది. ఏడాదికి సరిపడా అటక మీద జాడీలో, పైన బట్ట కట్టి. నెలకు సరిపడా అల్మారాలో స్టీలు డబ్బాలో. రోజువారీది పొయ్యి దగ్గర చిన్న గిన్నెలో. అంటే హార్డ్ డిస్క్, ర్యామ్, క్యాష్. (క్యాష్ అంటే డబ్బులు కాదు, సెకండ్ ఇయర్ వాళ్లకు తెలుసు.) రోజూ మూత తీసేది, ఆవిరి తగిలేది, తడి చెంచా పడేది చిన్నదానికే. పాడైనా గుప్పెడే పాడవుతుంది.

పోపుల డబ్బా కూడా అంతే. ఆవాలు, జీలకర్ర, మెంతులు, మినపప్పు, శనగపప్పు, ఎండుమిర్చి, పసుపు – 7 గిన్నెలు, చేతికి అందేంత దగ్గర. అందులో వారం, పది రోజులకు సరిపడానే పోయాలి. ఇంకో రూల్: పాతదాని మీద కొత్తది పోయొద్దు. అలా పోస్తే అది స్టాక్, అడుగున ఉన్నది ఎప్పటికీ బయటికి రాదు. వంటింటికి కావాల్సింది క్యూ. ఖాళీ చేసి, తుడిచి, ఆరాక నింపాలి. మరుగుతున్న గిన్నె మీద డబ్బా వంచి దులపడం కూడా మానాలి.

ఆకుల సంగతి

కొత్తిమీర, కరివేపాకు తడితో ఫ్రిజ్‌లో పెడితే కుళ్లిపోతాయి, మూత లేకుండా పెడితే ఎండిపోతాయి. తడి పూర్తిగా ఆరనిచ్చి, పేపర్‌లో చుట్టి, డబ్బాలో పెట్టడం మధ్యేమార్గం. కొత్తిమీర వేళ్లతో ఉంటే గ్లాసు నీళ్లలో నిలబెట్టినా కొన్ని రోజులు ఉంటుంది. కరివేపాకు ఎండితే వాసన చాలావరకు పోతుంది కాబట్టి పచ్చిగానే వాడేయడం మంచిది.

ఏది ఉంచాలి, ఏది పారేయాలి

ధనియాల్లో చిన్న గోధుమరంగు పురుగులు పడితే, తక్కువగా ఉంటే జల్లించి ఎండబెట్టి వాడుకోవచ్చు. కొత్తగా కొన్నవాటిని వారం డీప్ ఫ్రీజర్‌లో ఉంచితే గుడ్లతో సహా చస్తాయి. తీశాక రూమ్ టెంపరేచర్‌కు వచ్చేదాకా మూత తీయకూడదు, తీస్తే మళ్లీ తేమ పడుతుంది.

బూజు మాత్రం వేరు. మేము కూడా "పైన తీసేసి ఎండబెడదామా" అనుకున్నాం. కానీ కొన్ని బూజుల్లో అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది. అది కంటికి కనపడదు, మామూలు వంట వేడికి పోదు, కాలేయాన్ని దెబ్బతీస్తుంది. 1974లో రాజస్థాన్, గుజరాత్ గ్రామాల్లో బూజు పట్టిన మొక్కజొన్న తిని 100 మందికి పైగా చనిపోయారు. దాన్ని పరిశోధించింది మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు. ఆ సంస్థ ముందు నుంచి ఎన్నిసార్లు వెళ్లానో లెక్కలేదు, ఈ సంగతి నాకు ఇప్పుడే తెలిసింది. 2 కిలోలు పారేస్తుంటే ప్రాణం ఉసూరుమంది గానీ, పారేయడమే కరెక్ట్.

ఈ ఏడాది నానమ్మ డాబా ఎక్కలేదు. మేలో నేనే ఊరికి వెళ్లాను. ఆమె కింద మంచం మీద కూర్చుని చెప్తుంటే నేను పైన పరిచాను, సాయంత్రం మంచు పడకముందే ఎత్తాను, మళ్లీ పొద్దున పరిచాను. ఎండాయో లేదో ఎలా తెలుస్తుందని అడిగితే "చెవి కాడ పెట్టి ఊపు. గింజలు గలగలమనాలె, ఇరిస్తే ఫట్‌మనాలె" అంది. నేను 6వ రోజు ఎండాయన్నాను, ఆమె ఒకటి విరిచి చూసి ఇంకో రోజు అంది.

ఇప్పుడు మా చిల్కానగర్ ఇంట్లో కారం జాడీలో ఉంది. ఆగస్టు దాటింది. నిన్న తీసి చూశాను, గడ్డ కట్టలేదు. మీరూ ఒకసారి మీ వంటింట్లో స్టవ్ పక్కన ఏముందో చూడండి. అలాగే మీ ఇంట్లో కారం ఎవరు ఎండబెడతారో, వాళ్లను ఈ ఎండాకాలమే అడిగి నేర్చుకోండి.