మంజీర వెంబడి కుటుంబయాత్ర

ఇంటిల్లిపాదితో యాత్ర వెడలువారు ముందు బండి కుదుర్చుకొందురు, పిదప తిథి చూతురు. మా బాన్సువాడ వైపువారు ఈ రెంటికంటె ముందు మంజీర నీటి సంగతి విచారింపవలెను.

మొదటి మజిలీ నిజాంసాగరము. 1923లో ఆరంభమై 1931లో పూర్తియైన యీ ఆనకట్ట రమారమి 3 కిలోమీటర్లు సాగును. దీనికై 40 గ్రామములను ఖాళీ చేయించిరి. పిల్లలకు ఈ మాటయు చెప్పవలెను. అచ్చటినుండి ఎల్లారెడ్డి మీదుగా పోచారము చెరువు, 1924లో ప్రతిష్ఠ జరిగిన మెదకు చర్చి, తుదకు ఏడుపాయల వనదుర్గామాత. వృద్ధులున్నచో రెండు దినములు పెట్టుకొని, రాత్రి మెదకులో విశ్రమింపవలెను.

చిక్కు ఎచ్చట ననగా, ఏడుపాయలు నిజాంసాగరమునకు ఎగువన నున్నది. సింగూరునుండి మిక్కుటముగా వదలిన నీరు ముందు ఆ గుడిని చుట్టుముట్టి, పిదప మన సాగరమును చేరును. కావున ఇచ్చట గేట్లెత్తిన వేడుక చూడవచ్చిన దినములలో అచ్చట అమ్మవారి దర్శనము దుర్లభము. ఈ సంగతి నే నెరుగకపోలేదు, తొందరపడితిని. ఒక భాద్రపదమున, మ్రొక్కు తీర్చుకొనవలెనన్న మా అక్కగారిని వెంటబెట్టుకొని పోయితిని. గుడి నీట నుండెను. ఆమె దూరముననే కొబ్బరికాయ కొట్టి, ఇల్లు చేరువరకు నాతో మాటాడలేదు.

కార్తీకము వెళ్ళిన పిదప పోవుట మేలు. వానలు బాగుగా కురిసిన యేట అప్పటికి సాగరము నిండుగా నుండును, పాయలు తగ్గును. శివరాత్రి జాతరకు పసిపిల్లలతో పోరాదు. ఏ కాలమందైనను వారిని నీటిలోనికి దిగనీయరాదు.

మరుసటి మార్గశిరమున మరల పోయితిమి. ఈమారు బయలుదేరుటకు ముందు నీటి సంగతి విచారించినది అక్కగారే.